తంజావూరును తంజావూరుగానే ఉండనివ్వండి

తమిళ సినిమాలను తెలుగులోకి తెచ్చే నిర్మాతలకు, పంపిణీదారులకు, డబ్బింగ్ మాటల రచయితలకు,

నమస్కారం.

ముందు మీకు థాంక్స్ చెప్పాలి. 2024 సెప్టెంబర్ 28న, అంటే ‘దేవర’ వచ్చిన మర్నాడు, ఉన్న స్క్రీన్లన్నీ దానికే చాలని రోజుల్లో, మీరు ‘సత్యం సుందరం’ తెచ్చి మా ముందు పెట్టారు. అందులో విలన్ లేడు, ఐటమ్ సాంగ్ లేదు, హీరోయిన్ వెంట పడేవాడూ లేడు. పెళ్లయి సంసారాలు చేసుకుంటున్న ఇద్దరు మగవాళ్లు రాత్రంతా కబుర్లు చెప్పుకునే సినిమా. దానికి థియేటర్లు ఇప్పించడం అంత తేలికైన పని కాదని మాకు తెలుసు. ఆ వారం నేను చూసిన షోకు సగం సీట్లే నిండాయి, కానీ ఆ సగం మందీ చివరి పేర్లు పడేదాకా లేవలేదు.

ఈ లేఖలో ఒక ఫిర్యాదు కూడా ఉంది, తెలుగులో మీరు మార్చేసిన ఊరి పేర్ల గురించి. దానికి వచ్చే ముందు ఆ సినిమా గురించి నాలుగు మాటలు మాట్లాడనివ్వండి, ఎందుకంటే ఫిర్యాదు పుట్టింది ఆ ఇష్టంలోంచే.

తమిళంలో దాని పేరు ‘మెయ్యళగన్’. దర్శకుడు సి. ప్రేమ్‌కుమార్. ‘96’ తీసిన మనిషే, దాన్నే తెలుగులో శర్వానంద్, సమంతలతో ‘జాను’గా తనే మళ్లీ తీశాడు. సూర్య, జ్యోతిక నిర్మాతలు. కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. 1996లో ఆస్తి తగాదాలో తాతల నాటి ఇల్లు పోగొట్టుకుని ఒక కుటుంబం సొంత ఊరు వదిలి పట్నం చేరుతుంది. ఆ ఇంటి కుర్రాడు ఇరవై రెండేళ్ల తర్వాత చిన్నాన్న కూతురు లాంటి ఒక చెల్లెలి పెళ్లికి, ఇష్టం లేకుండానే, ఆ పక్క ఊరికి వస్తాడు. అక్షింతలు వేసి రాత్రి బస్సుకే తిరిగి వెళ్లిపోవాలని అతని ప్లాన్. అక్కడ ఒకడు (కార్తీ) తగులుకుంటాడు. బావా బావా అంటూ చెయ్యి వదలడు, తినిపిస్తాడు, నవ్విస్తాడు, బస్సు తప్పిపోతే ఇంటికి తీసుకుపోతాడు. మన హీరో అరవింద్ స్వామికి వాడెవడో గుర్తు రాదు. అడగడానికి మొహమాటం.

తమాషా ఏమిటంటే, తమిళంలోనైనా తెలుగులోనైనా సినిమా పేరులోనే వాడి పేరుంది. టికెట్ కొన్న ప్రతివాడికీ తెలిసిన పేరు తెర మీద అరవింద్ స్వామికి మాత్రం తెలియదు. ఆ చిన్న చిక్కు మీద మూడు గంటలు నడిపాడు ప్రేమ్‌కుమార్.

మన పెళ్లిళ్లలో ఈ బాధ పడనివాళ్లు ఎవరు? ఒక పెద్దావిడ వచ్చి గడ్డం పట్టుకుని ‘నేనెవరో చెప్పుకో చూద్దాం’ అంటుంది. మనం పళ్లికిలించి ‘అయ్యో, మీరు తెలియకపోవడమేంటి పిన్నీ’ అంటాం. పిన్ని అనొచ్చో అత్త అనాలో కూడా తెలియదు. కళ్లతో అమ్మను వెతుక్కుంటాం. ఆ టెన్షన్‌ని కామెడీగా మొదలుపెట్టి, మెల్లగా దాన్ని ఒక నేరంలా మార్చేశాడు దర్శకుడు. పుట్టబోయే బిడ్డకు నీ పేరే పెట్టుకుంటాం బావా అని ఆ మనిషి అనేసరికి, పేరు కూడా తెలియని వాడి ప్రేమను ఇంకా ఎలా తీసుకోను అనుకుని, చెప్పాపెట్టకుండా ఆ ఇంట్లోంచి జారుకుంటాడు అరవింద్ స్వామి. ‘రోజా’ నుంచి ‘ధ్రువ’ దాకా ఆయన్ను చాలా రకాలుగా చూశాం. ఇలా సిగ్గుతో ముడుచుకుపోయిన మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పెళ్లి స్టేజి సీన్ గురించి ఇప్పటికే అందరూ రాశారు. అయినా నేనూ రాస్తాను. స్టేజి ఎక్కిన అన్న మామూలుగా గిఫ్ట్ చేతిలో పెట్టి, ఫొటోకి నిలబడి దిగిపోదామనుకుంటాడు. ఆ అమ్మాయి అక్కడే, అందరి ముందే, పెట్టె విప్పుతుంది. అందులోవి నగలు. నువ్వే పెట్టు అంటుంది. అతను ఒక్కొక్కటీ పెడతాడు, చివరికి కింద కూర్చుని కాళ్లకు పట్టీలు కూడా. ఇద్దరికీ కన్నీళ్లాగవు. పెద్ద డైలాగేమీ లేదు. పోగొట్టుకున్న ఇంటి గురించి గానీ, మాటలు లేని ఇరవై ఏళ్ల గురించి గానీ ఒక్క ముక్క అనరు. నాకు నచ్చింది ఇంకోటి: ఆ సీన్‌లో ఏడుపు చూపించి వదిలేయలేదు. వెంటనే మళ్లీ భోజనాల హడావిడి, మళ్లీ కార్తీ అల్లరి. పెళ్లిళ్లు నిజంగా అలాగే ఉంటాయి, ఎవరి దుఃఖం కోసమూ పంక్తి ఆగదు.

సైకిల్ సంగతి చూడనివాళ్ల కోసం పూర్తిగా చెప్పను. ఊరు విడిచేటప్పుడు వదిలేసిన ఒక పాత సైకిల్ ఇంకో పేద కుటుంబానికి బతుకుదెరువైందని, వాళ్లు దాన్ని దేవుడి పటంలా దాచుకున్నారని మాత్రం చెబుతాను. ఇచ్చినవాడికి ఇచ్చానన్న సంగతే తెలియదు. తీసుకున్నవాడు ఒక్క రోజు కూడా మరవలేదు. మంచితనం గురించి సినిమాల్లో ఎన్నో ఉపన్యాసాలు విన్నాం, ఇలా ఒక వస్తువును చూపించి ఊరుకున్నది తక్కువ.

సరే, ఇప్పుడు ఫిర్యాదు.

తమిళంలో ఈ కథ జరిగేది తంజావూరులో, పక్కనున్న నీడామంగళంలో. తెలుగులో మీరు తంజావూరును గుంటూరు చేశారు, నీడామంగళాన్ని ఉద్దండరాయునిపాలెం చేశారు. ఎందుకు?

మీ జవాబు నేను ఊహించగలను. మనవాళ్లకు తమిళ ఊళ్ల పేర్లు నోరు తిరగవు, డబ్బింగ్ వాసన వస్తుంది, సొంత ఊరి మీద బెంగ సినిమాకి ప్రాణం కాబట్టి అది ప్రేక్షకుడి సొంత ఊరే అయితే గట్టిగా తగులుతుంది. ఈ మాటలో నిజం లేకపోలేదు. మా పెద్దమ్మకు ఇవేవీ అడ్డు రాలేదు. గుంటూరంటే గుంటూరే అనుకుని చూసింది, హాయిగా ఏడ్చింది, ‘వాళ్ల పంచెకట్టు అరవ కట్టులా ఉందేంట్రా’ అని ఒక్కసారి మాత్రం అడిగింది. మీరు పని బాగా చేశారు, కాదనను. కార్తీ తెలుగులో తన గొంతు తనే చెప్పుకుంటాడు కాబట్టి సగం భారం అక్కడే దిగిపోయింది. మాటలు కూడా ఎక్కడా పుస్తకం చదివినట్టు లేవు.

కానీ ఉద్దండరాయునిపాలెం ఎలాంటి ఊరో మీకు గుర్తు రాలేదా? 2015 అక్టోబర్ 22న ప్రధాని వచ్చి అమరావతికి శంకుస్థాపన చేసింది ఆ ఊళ్లోనే. రాజధాని కోసం భూసమీకరణ కింద 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు, అందులో ఆ ఊరూ ఉంది. సినిమాలో పెళ్లి జరిగేది 2018లో. ఆ ఏడాది ఆ ఊళ్లో ఏ ఇద్దరు చుట్టాలు కలిసినా మాట్లాడుకునేది ప్లాట్లు, కౌలు డబ్బులు, రోడ్లు, ఎవరి పొలం ఎటు పోయింది అన్న లెక్కలు. మీరు చూపించిన ఊళ్లో అవేవీ లేవు. కాలం ఆగిపోయినట్టు పచ్చటి పొలాలు, చెరువు, ఎద్దు, నిమ్మళంగా బతికే ఒక మనిషి. ఇల్లు పోయినవాడి కథకు, భూములు పోయిన ఊరి పేరు తెచ్చి పెట్టి, ఆ భూముల మాటే ఎత్తకపోతే ఆ ఊరి వాళ్లు తెర వైపు చూసి ఏమనుకోవాలి? ఊరు పేరు బాగుందని పెట్టారేమో. ఉద్దండరాయునిపాలెం అనడంలో ఒక గాంభీర్యం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఊరంటే ఉత్త పేరు కాదని చెప్పే సినిమాకే మీరు ఈ పని చేశారు.

ఎద్దు సంగతి కూడా ఉంది. కార్తీ పాత్రకు ఎద్దంటే ప్రాణం. తమిళంలో అది జల్లికట్టు ఎద్దు. 2018లో జరిగే తమిళ కథలో జల్లికట్టు అంటే ఉత్త ఆట కాదు. అంతకు ఏడాది ముందే, 2017 జనవరిలో, దాని మీద నిషేధం ఎత్తేయాలని మెరీనా బీచ్‌లో వేలమంది కుర్రాళ్లు రాత్రింబవళ్లు కూర్చున్నారు. ఆ వేడి ఇంకా చల్లారని రోజుల కథ అది. మా గుంటూరు, ప్రకాశం వైపు ఎద్దంటే బండలాగుడు పోటీ, ఒంగోలు గిత్త. జల్లికట్టుకు దగ్గరగా ఉండేది తెలుగు నేల మీద చూడాలంటే చంద్రగిరి దగ్గర రంగంపేటకు పోవాలి, కనుమ నాడు పశువుల పండగకు. ఊరు మార్చినంత సులువుగా ఎద్దును మార్చలేం.

ఇంతకీ మీ భయం ఏమిటి? తంజావూరు మాకు పరాయిదనా?

నవ్వొస్తుంది. తంజావూరును ఏలిన నాయక రాజులు తెలుగువాళ్లు. రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాశాడు, ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువుకు క్షేత్రయ్య వెళ్లాడు. ఆ విజయరాఘవుడి ఇలవేల్పు మన్నారుగుడి రాజగోపాలస్వామి. ఆయన కొలువులోని కవయిత్రి రంగాజమ్మ తెలుగులో రాసిన ‘మన్నారుదాస విలాసం’ పేరులో ఉన్న మన్నారు ఆ స్వామే. మన్నారుగుడికీ నీడామంగళానికీ మధ్య ఒక చిన్న బస్సు ప్రయాణం, అంతే. త్యాగరాజు పుట్టింది తిరువారూరులో, నీడామంగళం ఇప్పుడు ఉన్నది ఆ జిల్లాలోనే. ఆయన బతుకంతా తంజావూరు పక్కన తిరువయ్యారులో గడిచింది, పాడింది మాత్రం తెలుగులో. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వందల కొద్దీ తెలుగు రాతప్రతులున్నాయి. మెలట్టూరులో నరసింహ జయంతికి ఈరోజుకీ రాత్రంతా తెలుగులో భాగవత మేళం నాటకాలు ఆడతారు, చూసే జనంలో ఎక్కువమందికి ఆ భాష రాకపోయినా. నీడామంగళం పేరు కూడా మరీ కొత్తది కాదు, తవిల్ (డోలు) విద్వాంసుడు మీనాక్షిసుందరం పిళ్లై ఇంటిపేరులా దాన్ని సంగీతం తెలిసినవాళ్లంతా విన్నారు.

ఇదంతా పండితుల గొడవ, మామూలు ప్రేక్షకుడికి అక్కర్లేదంటారా? అయితే నీళ్ల గురించి మాట్లాడదాం. నేను గోదావరి డెల్టాలో పుట్టినవాణ్ని. ఆ సినిమాలో రాత్రి కబుర్లలో కరికాల చోళుడి మాట వస్తుంది. కావేరి మీద కల్లణై కట్టించింది ఆయనేనని చెప్పుకుంటారు. ఆ ఆనకట్ట చూసి నేర్చుకున్నవాడే మా కాటన్ దొర. మా దగ్గరికి రాకముందు ఆయన పనిచేసింది తంజావూరు వైపే, 1836లో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్ట కట్టింది ఆయనే. ఇసుకలో పునాది నిలబెట్టే కిటుకు ఆ పాతకాలం వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఒప్పుకున్నాడు కూడా. ఆ కిటుకుతోనే 1847లో ధవళేశ్వరం పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడు. మా ఊళ్లో కాటన్ బొమ్మకు దండ వేసే రైతుకు కరికాలుడు ఎవరో చెబితే అర్థం కాదా? సీమలోకి వెళ్తే ఇంకా దగ్గర. తెలుగులో దొరికిన తొలి శాసనాలు వేయించిన రేనాటి చోళులు తమది కరికాలుడి వంశమని రాళ్ల మీద చెక్కించుకున్నారు.

ఓటీటీలో తమిళ వెర్షన్ చూశాక నాకు ఈ కోపం మొదలైంది. తమిళం నాకు అంతంత మాత్రమే, సబ్‌టైటిల్స్ మీద ఆధారపడి చూశాను. అదే సీన్, అదే నటన, గోవింద్ వసంత సంగీతం అదే. కమల్ హాసన్ పాడిన రెండు పాటలు అదనపు లాభం. అయితే ఆ ఇల్లు తంజావూరు వీధిలో ఉందని తెలిసి చూస్తే, ఆ ఇల్లు వదిలేటప్పటి బరువు ఇంకోలా తగిలింది. నాకు ఆ ఊరితో చుట్టరికం లేదు, అయినా తగిలింది. పక్కవాడి ఊరి కోసం మనకు బెంగ పుట్టించడమే కదా సినిమా చేయగలిగిన పెద్ద పని. అది వదులుకుని మా ఊరి పేరే మాకు తిప్పి అప్పజెబితే ఎలా?

మీ అనుభవమే మీకు గుర్తు చేస్తాను. 2022లో ‘కాంతార’ వచ్చింది. తుళునాడు, భూతకోల, పంజుర్లి. మా వాళ్లలో చాలామంది ఆ మాటలే అప్పుడు మొదటిసారి విన్నారు. ఎవరూ దాన్ని శ్రీకాకుళం అడవుల్లోకి మార్చలేదు. జనం విరగబడి చూశారు. 2024లోనే ‘మంజుమ్మల్ బాయ్స్’ వచ్చింది, మలయాళీ కుర్రాళ్లలో ఒకడు కొడైకెనాల్ గుహలో పడిపోయే కథ. దాన్ని అరకు బొర్రా గుహలు చేయాలని ఎవరికీ తోచలేదు, మంచిదైంది. ఈ పదేళ్లలో ప్రేక్షకుడు ఓటీటీలో కొరియా పల్లెటూళ్లు కూడా చూసేశాడు. మీరింకా అతను తంజావూరు దగ్గర తడబడతాడనుకుంటున్నారు.

సినిమా గురించి ఒక మాట మిగిలింది, అది మీకే కాదు, దాని అసలు నిర్మాతలకూ. తమిళంలో విడుదలైన కొద్ది రోజులకే నిడివి ఎక్కువైందని సుమారు 18 నిమిషాలు కోశారు. రెండో సగంలో ఆ రాత్రి కబుర్లు సాగదీసినట్టే ఉన్నాయి, నేనూ ఒకసారి వాచీ చూసుకున్నాను. కానీ వెళ్తానన్నవాణ్ని వెళ్లనివ్వని మనిషి కథ అది. ఇంకో ముద్ద, ఇంకో కబురు, ఇంకాసేపు అంటూ కూర్చోబెట్టే మనిషి. అలాంటివాడి సినిమా టైమ్‌కి అయిపోతే అనుమానించాలి. రాజ్‌కిరణ్ లాంటి నటుడు వచ్చి ఊరికే చెయ్యి పట్టుకుని కూర్చునే సీన్లకు కత్తెర వేయాలంటే ఎవరికైనా చెయ్యి వణకాలి. శ్రీదివ్య పాత్రకు ఇంకొంచెం చోటు ఇచ్చి ఉంటే నాకు ఇంకా బాగుండేది. హైదరాబాద్ అమ్మాయి, ‘మనసారా’, ‘బస్ స్టాప్’ తర్వాత మనం సరిగ్గా పట్టించుకోకపోతే అక్కడికి వెళ్లి పేరు తెచ్చుకుంది. ఇంత పెద్ద సినిమాలో ఆమెకు దొరికింది వంటింటికీ వరండాకీ మధ్య నాలుగు నవ్వులు.

మీరు చేయగలిగినవి పెద్ద ఖర్చు పనులు కావు. పాత్రల పేర్లు మార్చాలనిపిస్తే మార్చండి, అది మీ ఇష్టం, తెలుగులో పలకడానికి సుఖంగా ఉండాలన్నది నాకూ అర్థమవుతుంది. ఊరి పేరు మాత్రం వదిలేయండి. బోర్డులను తెలుగు చేసి అతికించే డబ్బుతో, కథకు అవసరమైన చోట తెర కింద ఒక్క వరుస తెలుగు అక్షరాలు వేయండి: ఇది తంజావూరు, ఇది నీడామంగళం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ మల్టీప్లెక్సుల్లో తమిళ ప్రింట్‌ను తెలుగు సబ్‌టైటిల్స్‌తో వారానికి రెండు షోలైనా వేసి చూడండి. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదవగలిగేవాళ్లు ఎలాగూ ఓటీటీలో చూసేస్తున్నారు, మా పెద్దమ్మ లాంటివాళ్ల సంగతి ఎవరు చూస్తారు? పంచెకట్టు చూసి అనుమానం వచ్చిన మనిషికి ఇది తంజావూరు పెద్దమ్మా అని చెబితే సరిపోయేది. ఆవిడకు తంజావూరు బొమ్మ తెలుసు, తంజావూరు పటాలూ తెలుసు, త్యాగరాజ కీర్తనలు ఇంట్లో రోజూ పాడుకుంటుంది.

ఇకముందు ఇలాంటి సినిమా ఏది వచ్చినా మీరే తేవాలని కోరుకుంటాను. ప్రేమ్‌కుమార్ తర్వాతి కథ తిరునల్వేలిలో జరిగినా, రామనాథపురంలో జరిగినా, అక్కడే చూపించండి. మేం టికెట్ కొనుక్కుని వస్తాం.

ఇట్లు,
గోదావరి జిల్లాకు చెందిన ఒక ప్రేక్షకుడు